ఫోటోలో కనిపించని నొప్పి



ఖానాపూర్‌లో తెల్లవారుజామున ప్రార్థనకు మందిరానికి వెళ్లేటప్పుడు మాకు ముందుగా ఎదురయ్యేది పరుగెత్తే పిల్లలే. ఇంకా చీకటి విడిచి ఉండదు. నిర్మల్ వెళ్లే తారు రోడ్డు మీద ఇద్దరు ముగ్గురుగా ఆయాసపడుతూ వస్తుంటారు. ఒకరికి మంచి బూట్లుంటాయి, ఒకరికి అన్న తొడిగి వదిలేసినవి ఉంటాయి, ఒకరు ఉత్త కాళ్లతోనే ఉరుకుతుంటారు. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తుందని మాట పుడితే చాలు, ఈ గుంపు రెండింతలవుతుంది. భూమి లేని ఇంట్లో, అర ఎకరం ఉన్న ఇంట్లో ఒక కానిస్టేబుల్ ఉద్యోగమంటే ఏమిటో మన సంఘాలలో ఎవరికీ వివరించనక్కరలేదు. చెల్లెలి పెండ్లి, తండ్రి అప్పు, తల్లి మందులు అన్నీ ఆ పరుగు మీదనే ఆధారపడి ఉంటాయి.

2022లో తెలంగాణ పోలీసు నియామకాలలో మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకండ్లలో, ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకండ్లలో పరుగెత్తాలని నియమం పెట్టారు. ఆ సంవత్సరం కానిస్టేబుల్ ప్రిలిమ్స్ ఆగస్టు 28న జరిగింది. ఈవెంట్లు డిసెంబరు 8న మొదలయ్యాయి. మధ్యలో నూరు రోజుల పైచిలుకు మాత్రమే. ముందు నుండి పరుగెత్తేవారికి అది చాలినంత సమయమే. కానీ పుస్తకాల ముందు నెలల తరబడి కూర్చుని, పాసవుతామన్న నమ్మకం కలిగిన తరువాత ఒక్కసారిగా లేచి రోడ్డెక్కిన పిల్లల సంగతి వేరు.

ఆ రోజులలో మా యౌవనస్థుల కూడికలో ప్రార్థన మనవులు కాగితాల మీద వ్రాయించుకున్నాము. చదువు, ఉద్యోగము, ఇంటి సమస్యలు ఎప్పుడూ ఉండేవే. ఆసారి వాటి మధ్య కాళ్ల నొప్పి అన్న మాట ఎన్నో కాగితాలలో కనిపించింది. మోకాలి కింద, పిక్కల ముందు భాగంలో, ఎముక పొడుగునా నొప్పి. కొందరు నూనె పెట్టి రుద్దించుకుంటున్నారు, కొందరు గోలీ వేసుకుని ఉరుకుతున్నారు. వారిలో ఒక సహోదరుడు పక్క పట్టణానికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకుని వచ్చాడు. మాకు ఆ ఫోటో చూపించి సంతోషంగా అన్న మాట ఇది: "ఫోటోల ఏం లేదన్నరు అయ్యగారూ. నార్మలంట. ఇగ ఉరుకుత."

ఉరికాడు. నొప్పి వచ్చినప్పుడల్లా గోలీ వేసుకున్నాడు. మూడు వారాలు దాటిన తరువాత ఒక ఉదయం చివరి రౌండులో కాలు మడత పడినట్టయి కింద పడ్డాడు. ఈసారి తీసిన ఎక్స్‌రేలో ఎముక మీద గీత మా కంటికి కూడా కనిపించింది. కాలికి పిండికట్టు వేశారు. ఈవెంట్లు అతడు మంచం మీద ఉండగానే అయిపోయాయి.

మొదటి ఫోటో అబద్ధం చెప్పలేదు. చూసిన డాక్టరు తప్పు చదవలేదు. ఆ రోజు ఫోటోలో కనిపించేది నిజంగా ఏమీ లేదు. ఈ సంగతే మన ఇండ్లలో తెలియక నష్టపోతున్నాము గనుక ఈ నెల దీనిని కొంచెం విపులంగా వ్రాస్తున్నాము.

ఎముక రాయి వంటిది కాదు. అది బ్రతికి ఉన్న వస్తువు. దాని మీద కొత్త బరువు పడినప్పుడు దేవుడు పెట్టిన ఏర్పాటు ప్రకారం శరీరం ముందు పాత భాగాన్ని కొంత తొలుస్తుంది, తరువాత అక్కడ కొత్త ఎముకను కడుతుంది. తొలిచే పని రెండు మూడు వారాలలో అవుతుంది. కట్టి గట్టిపరచడానికి నెలలు పడతాయి. ఇంటి గోడను సందు సందుగా తీసి మళ్లీ కడుతున్నప్పుడు మధ్యలో ఆ గోడ ఎలా ఉంటుందో, పరుగు మొదలుపెట్టిన మూడవ నాలుగవ వారంలో ఎముక అలా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మన పిల్లవాడు ఇంకో రెండు రౌండ్లు పెంచుతాడు. సన్నని బీట పుడుతుంది. దీనినే డాక్టర్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. దెబ్బ తగలకుండానే, పదే పదే పడిన బరువు వల్ల వచ్చే విరుగు ఇది.

ఇది ఈనాటి రోగము కాదు. 1855లోనే ప్రష్యా సైన్యంలోని బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు దూరపు కవాతు చేసిన సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి వ్రాశాడు. కారణం మాత్రం ఆయనకు అంతు చిక్కలేదు. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నాడు. 1897లో అటువంటి పాదాన్ని ఎక్స్‌రే తీసి చూస్తే లోపల ఎముక విరిగి ఉన్నట్టు బయటపడింది. నలభై సంవత్సరాలకు పైగా సైనికులు సాకులు చెబుతున్నారని ఎందరు అధికారులు అనుకున్నారో!

అయితే ఎక్స్‌రేకు ఒక హద్దు ఉంది. అది సున్నపు గట్టిదనాన్ని చూపుతుంది. బీట వెంట్రుకంత ఉన్నప్పుడు దానికి అందదు. రెండు మూడు వారాలు గడిచి శరీరం ఆ బీట చుట్టూ కొత్త ఎముకను కట్టడం మొదలుపెట్టినప్పుడు, ఆ కొత్త పూత తెల్లగా కనిపిస్తుంది. అందుచేత మొదటి వారాలలో తీసిన ఎక్స్‌రే నార్మల్ అని వస్తే, ఎముక బాగుందని దాని అర్థం కాదు. ఇంకా తెలియలేదని అర్థం. నొప్పి తగ్గకపోతే రెండు మూడు వారాల తరువాత మళ్లీ తీయించాలి, లేదా ఎం.ఆర్.ఐ. చేయించాలి. ఆలోగా పరుగు ఆపాలి. మా సహోదరుడికి ఈ చివరి మాట ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. మేమూ చెప్పలేదు, మాకూ తెలియదు.

ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఎక్స్‌రే కిరణాలుండవు. గొప్ప అయస్కాంతము, రేడియో తరంగాలు ఉంటాయి. శరీరంలోని నీటిని అది చూస్తుంది. ఎముక బీటలు వారకముందే లోపలి మజ్జలో నీరు చేరుతుంది, ఆ వాపును ఈ యంత్రం పట్టుకుంటుంది. 1995లో ఫ్రెడరిక్‌సన్ అనే వైద్యుడు, ఆయన తోటివారు పరుగెత్తేవారి కాళ్ల ఎం.ఆర్.ఐ.లను చూసి ఈ జబ్బును నాలుగు మెట్లుగా విభజించారు. మొదటి మెట్టులో ఎముక మీది పొర మాత్రమే వాస్తుంది. తరువాతి రెండింటిలో మజ్జ వాస్తుంది. నాలుగవదానిలో విరుగు గీత కనిపిస్తుంది. మొదటి మెట్టువానికి రెండు మూడు వారాల విశ్రాంతి చాలవచ్చు. నాలుగవ మెట్టువానికి మూడు నెలలు పట్టవచ్చు. ఈవెంట్ల తేదీ దగ్గర పెట్టుకున్న పిల్లవాడికి ఈ తేడా చిన్నది కాదు.

మన పి.వి. సింధు సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్‌లో కామన్‌వెల్త్ క్రీడల బంగారు పతకం గెలిచినప్పుడు టీవీ ముందు అందరమూ చప్పట్లు కొట్టాము. ఆ పోటీల క్వార్టర్ ఫైనల్ నుండే ఆమె ఎడమ పాదం నొప్పి పెడుతోందని మనకు అప్పుడు తెలియదు. ఫైనల్ అయ్యేసరికి ఆ నొప్పి ఓర్చుకోలేనిదయింది. హైదరాబాదు చేరగానే ఎం.ఆర్.ఐ. చేయించుకున్నది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఆ నెలలోనే టోక్యోలో జరగవలసిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుండి తప్పుకున్నది. 2023 జనవరిలో గాని తిరిగి పోటీకి దిగలేదు. శిక్షకులు, ఫిజియో, డాక్టర్లు వెంట ఉన్న ఆమెకే అయిదు నెలలు పట్టింది. వేడినీళ్ల కాపడంతో వారంలో లేచి ఉరకాలని మనం మన పిల్లలను ఎలా అడుగుతాము?

అయితే పరుగెత్తేవారికి వచ్చే ప్రతి నొప్పీ విరుగు కాదు. చాలామందికి వచ్చేది షిన్ స్ప్లింట్స్ అనే బాధ. ముందు ఎముక లోపలి అంచున, పిక్కకు ఆనుకున్న చోట, కింది భాగంలో, జానెడు పొడుగునా నొప్పిగా ఉంటుంది. పరుగు మొదలుపెట్టగానే ఉండి, ఒళ్లు వేడెక్కిన తరువాత తగ్గినట్టుంటుంది. దీనికి ఎక్స్‌రే మామూలుగానే వస్తుంది. ఫోటో కంటే డాక్టరు వేలు దీనిని బాగా కనిపెడుతుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్‌లో అయితే వేలు పెట్టి ఇక్కడే అని చూపగలిగినంత చిన్న చోట నొప్పి ఉంటుంది. ఒంటికాలి మీద గెంతితే ప్రాణం పోతుంది. ముదిరితే నడిచినా, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటుంది. రెండూ కలిసి ఉండే కాళ్లు కూడా ఉన్నాయి గనుక ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పుకోవద్దని మనవి.

ఎముక ముందు వైపు, చర్మం కిందనే చేతికి తగిలే భాగంలో వచ్చే బీట ప్రత్యేకంగా ప్రమాదకరమైనది. పక్క నుండి తీసిన ఎక్స్‌రేలో అది నల్లని అడ్డగీతగా కనిపిస్తుంది. డాక్టర్లు దానికి భయపడతారు. అది మానడానికి చాలాకాలం పడుతుంది, కొన్నిసార్లు ఆపరేషన్ చేసి రాడ్ వేస్తారు.

ఇంకొక రకం ఉంది. పిల్లవాడు కూర్చున్నంతసేపు ఏమీ ఉండదు. ప్రతిసారి దాదాపు అంతే దూరం ఉరికాక పిక్కలు రాయిలా బిగుసుకుంటాయి, పాదం మొద్దుబారుతుంది. ఆగితే కొంతసేపటికి అంతా సర్దుకుంటుంది. కండరాలను చుట్టి ఉన్న పొర సాగకపోవడం వల్ల లోపల ఒత్తిడి పెరిగి వచ్చే బాధ ఇది. డాక్టరు గదిలో విశ్రాంతిగా పడుకున్న కాలును ఎంత ఫోటో తీసినా దొరకదు. పరుగెత్తించి, సూదితో కండరంలోని ఒత్తిడిని కొలుస్తారు. కొందరికి మోకాలి వెనుక రక్తనాళం కండరం కింద నలుగుతుంది. వారికి పాదాన్ని పైకి కిందికి ఆడిస్తూ డాప్లర్ పరీక్ష చేస్తారు. ఇవి అరుదైనవి. అయినా వీటిని చెప్పడానికి కారణముంది. కాలు ఎప్పుడు నొప్పి పెడుతుంది, ఎంతసేపటికి తగ్గుతుంది అన్న మాట డాక్టరుకు విడమరచి చెప్పకపోతే సరైన పరీక్ష వ్రాయలేరు. మన పిల్లలు డాక్టరు ముందు నోరు విప్పరు. అడిగినదానికి తల ఊపి, చీటీ తీసుకుని వచ్చేస్తారు. వెంట వెళ్లిన నాన్నకూ మాట రాదు. ఇంటి దగ్గరే కాగితం మీద వ్రాసుకుని వెళ్లమని మా మనవి: పరుగు ఏ తేదీన మొదలుపెట్టాడు, ఎంత పెంచాడు, నొప్పి ఏ తేదీన వచ్చింది, వేసుకున్న గోలీలు ఏమిటి.

పెద్ద ఫోటో తీస్తే పెద్ద సంగతి తెలుస్తుందనే నమ్మకం కూడా మనలో ఉంది. నొప్పి రాగానే పట్నం పోయి ఎం.ఆర్.ఐ. తీయిస్తే ఒకే దెబ్బకు తేలిపోతుందని అప్పు చేసి వెళ్లినవారు మాకు తెలుసు. 2004లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఏ నొప్పీ లేని 21 మంది దూరపు పరుగువారికి ఎం.ఆర్.ఐ. తీశారు. వారిలో 9 మంది ఎముకలలో ఒత్తిడి గుర్తులు కనిపించాయి. వారు ఆ తరువాత కూడా బాగానే పరుగెత్తారు. అనగా యంత్రం చూపిన ప్రతి తెల్లమచ్చా జబ్బు కాదు. వేలు చెప్పిన చోటును, ఫోటో చూపిన చోటును కలిపి చూసే డాక్టరు కావాలి. ముందు ఎముకల డాక్టరు, ఆయన చెప్పిన తరువాతే యంత్రము. డబ్బు లేనివారు నిరాశపడనక్కరలేదు. పరుగు ఆపి, మూడు వారాలు ఆగి తీసిన మామూలు ఎక్స్‌రే కూడా చాలా సంగతులు చెబుతుంది. ఆగడానికి డబ్బు ఖర్చు కాదు. అయినా అదే అన్నిటికంటే కష్టమైన మందు.

ఎం.ఆర్.ఐ.కి వెళ్లేవారు గొలుసు, కమ్మలు, మెట్టెలు, గడియారము, జేబులోని చిల్లర ముందే తీసివేయాలి. శరీరంలో ఇంతకుముందు వేసిన రాడ్లు, ప్లేట్లు, గుండె యంత్రము ఉంటే తప్పక చెప్పాలి. లోపల డప్పు కొట్టినట్టు మోత ఉంటుంది, అరగంట వరకు కదలకుండా పడుకోవాలి. భయపడవద్దు. పెండ్లయిన ఆడపిల్లలు గర్భవతులైతే, అనుమానం ఉన్నా సరే, ఎక్స్‌రేకు ముందే ఆ మాట చెప్పాలి.

ఆడపిల్లల గురించి ఒక మాట విడిగా చెప్పాలి. సైన్యాలలో శిక్షణ పొందేవారిని పరీక్షించినప్పుడు స్ట్రెస్ ఫ్రాక్చర్లు మగవారికంటే ఆడవారిలో ఎక్కువ కనిపించాయి. మన ఇండ్లలో ఆడపిల్ల చివర తింటుంది, మిగిలింది తింటుంది. అటువంటి పిల్ల పొద్దున ఖాళీ కడుపుతో ఉరికి, వచ్చి నీళ్లు మోసి, మళ్లీ కోచింగ్‌కు వెళితే ఎముకకు బలం ఎక్కడి నుండి వస్తుంది? తిండి చాలక నెలసరి తప్పిపోతే అది ఎముక పలచబడుతున్నదనడానికి గుర్తు. సిగ్గుపడి దాచవద్దు, తల్లులు అడగాలి. అమెరికా నౌకాదళంలో చేరిన అయిదు వేలమందికి పైగా యువతుల మీద జరిపి 2008లో ప్రచురించిన పరిశోధనలో కాల్షియం, విటమిన్ డి ఇచ్చినవారిలో ఈ విరుగులు అయిదవ వంతు తగ్గాయి. మనకు పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు ఉన్నాయి. గుడ్డు మగపిల్లవానికే పెట్టే అలవాటు మన క్రైస్తవ ఇండ్లలో కూడా ఉందని చెప్పుకోవడానికి మాకు బాధగా ఉంది.

నొప్పిని ఓర్చుకోవడమే విశ్వాసమని మనలో కొందరు బోధిస్తారు. మేము అలా అనుకోము. మన పక్క జిల్లాలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠురోగులకు స్థాపించిన ఆస్పత్రి మన పెద్దలకు బాగా తెలుసు. ఆ రోగులకు స్పర్శ పోతుంది. ముల్లు దిగినా, ఎముక విరిగినా నడుస్తూనే ఉంటారు, చివరకు పాదమే అరిగిపోతుంది. తమిళనాడు కొల్లి కొండలలో మిషనరీల ఇంట పెరిగి, 1946 నుండి వెల్లూరు ఆస్పత్రిలో ఇటువంటివారి చేతులను, పాదాలను బాగుచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు, నొప్పి దేవుడిచ్చిన వరమని జీవితమంతా చెప్పారు. మంచి పాదాలున్నవాడు గోలీ మింగి ఆ నొప్పిని చంపుకుని పరుగెత్తితే ఆ రోగుల వలెనే నడుస్తున్నాడన్నమాట. అదీగాక రోజూ వేసుకునే నొప్పి గోలీలు కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తాయి.

ఏలీయా సంగతి చూడండి. ఆహాబు రథానికి ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తినవాడు. ఆ తరువాతి అధ్యాయంలోనే బదరీవృక్షము కింద పడి నిద్రపోయాడు. దూత అతనిని గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతడు తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. హోరేబు ప్రయాణము ఆ తరువాత.

నొప్పి వచ్చినవారు పూర్తిగా మంచం పట్టనక్కరలేదు. బీట లేదని తేలితే, పరుగు మానేసి సైకిలు తొక్కవచ్చు, పై శరీరానికి వ్యాయామం చేయవచ్చు. ఈత మంచిదని డాక్టర్లు అంటారు గాని, గోదావరిలో లోతు తెలియని చోట దిగమని మేము చెప్పము. తిరిగి మొదలుపెట్టేటప్పుడు నడకతో మొదలుపెట్టాలి. తారు రోడ్డు వదిలి మట్టి మైదానానికి రావాలి. దూరము, వేగము రెండూ ఒకే వారంలో పెంచవద్దు. వారంలో ఒక దినము కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలి. ఆ దినమేదో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. రుద్దించుకునేవారు మాత్రం, ఎముక మీద నొక్కి రుద్దడం ఆపండి. విరుగు ఉన్న చోట అది మేలు చేయదు.

కొన్ని గుర్తులుంటే ఆగకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే, దెబ్బ తగిలిన తరువాత కాలు బిగుసుకుని వేళ్లు కదల్చలేకపోతే, జ్వరంతో పాటు ఎముక నొప్పి ఉంటే. ఎదిగే పిల్లలలో పరుగుతో సంబంధం లేకుండా రాత్రిపూట ఎముక నొప్పి, మోకాలి దగ్గర గడ్డ వంటి వాపు ఉంటే ఎక్స్‌రే వాయిదా వేయవద్దు. అది వేరే పెద్ద జబ్బు కావచ్చు. ఏ ఫోటో తీయించినా పారవేయకండి. రెండవ ఫోటోను మొదటిదాని పక్కన పెట్టి చూసినప్పుడే డాక్టరుకు తేడా తెలుస్తుంది.

మేము పైన చెప్పిన సహోదరుడు తన రెండు ఎక్స్‌రేలను ఇప్పటికీ బైబిలు సంచిలో పెట్టుకుని తిరుగుతాడు. కట్టు విప్పాక చాలా నెలలు మైదానానికి రాలేదు. తరువాత గడియారం పట్టుకుని తమ్ముళ్ల రౌండ్లు లెక్కబెట్టడానికి వచ్చాడు, ఆ తరువాత వారి వెనుక నడిచాడు. ఇప్పుడు మళ్లీ మెల్లగా ఉరుకుతున్నాడు. ఎవరైనా కాలు పట్టుకుని కూర్చుంటే ముందుగా దగ్గరికి వెళ్లేది అతడే. "యాడ నొస్తుంది తమ్మీ, ఏలు వెట్టి సూపియ్యి" అని అడుగుతాడు. ఒక్క చోటనే వేలు పెట్టి చూపిస్తే, ఆ పిల్లవాని బూట్లు అక్కడే విప్పిస్తాడు.